లేజర్‌కు ముందు కన్ను
రాజమండ్రిలో పెళ్లి నేమ్‌బోర్డులు కోసే లేజర్ పనివాళ్లంటే నాకెంతో గౌరవం. మెషిన్ ఆన్ చేయకముందే 3 ఎం.ఎం. ప్లైవుడ్ షీటును కంటి ఎత్తుకు లేపి వంపు చూస్తారు. గోదావరి తేమకి, అందులోనూ ముసురు పట్టిందంటే, పల్చటి చెక్క ఇట్టే వంగుతుంది. వంగినచోట ఫోకస్ తప్పి కోత అడుగుదాకా దిగదు. పొరల మధ్య జిగురు ముద్దకట్టినా అంతే. అందుకే ముందు ఓ మూల చిన్న చదరం కోసి, అంచును వేలితో తడిమి చూస్తారు. ఎంత చక్కటి ఓపిక!

ఈ పనికి ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కుమార్ పటేల్ మన దేశంలోని బారామతిలో పుట్టినవారే.

ఎవరైనా పీవీసీ షీటు తెస్తే మాత్రం, ఎంత పెద్ద బేరమైనా, ఈ పనివాళ్లు కోయరు. కాలితే వచ్చేది క్లోరిన్ కలిసిన విషపు పొగ.