బంతి దగ్గర లేనప్పుడు

2022 నవంబరులో ఘనా పార్లమెంటులో బడ్జెట్ మీద చర్చ నడుస్తోంది. ప్రతిపక్ష సభ్యుడు ఐజాక్ అడాంగో లేచి, దేశ ఉపాధ్యక్షుణ్ణి మాంచెస్టర్ యునైటెడ్ డిఫెండర్ హ్యారీ మగ్వైర్‌తో పోల్చాడు. కాపాడతాడని నమ్మి పెట్టుకుంటే సొంత గోల్‌లోకే బంతి కొట్టే మనిషని ఆయన ఎత్తిపొడుపు. సభ్యులు విరగబడి నవ్వారు. ఆ పేరు ఎవరిదో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. వీడియో చూసిన మాకు హైదరాబాద్‌లోనూ పడలేదు.

మా ఇంట్లో నాతో పాటు యునైటెడ్ పిచ్చి ఉన్నవాడు మా మేనల్లుడు. మా ఇద్దరి మధ్య ఏళ్లుగా తెగని పంచాయితీ ఒకటే: మగ్వైర్ జట్టులో ఉండాలా, వద్దా? వాడిది మొదటినుంచీ 'వద్దు' పార్టీ. "వాడు వెనక్కి తిరిగేలోపు అవతలోడు గోల్ కొట్టి సంబరం కూడా చేసుకుంటాడు మామయ్యా" అంటాడు. మాటలో నిజం లేకపోలేదు. మగ్వైర్ తిరగడానికి టైం పడుతుంది. వెనకాల ఖాళీ ఉండి, చురుకైన ఫార్వర్డ్ దానిలోకి పరుగు తీస్తే మనకు గుండె జారుతుంది.

కానీ ఆ వాదనలోకి కాళ్ల సంగతి వచ్చేలోపే రేటు వచ్చేస్తుంది. 2019 ఆగస్టులో లెస్టర్ సిటీకి 8 కోట్ల పౌండ్లిచ్చి యునైటెడ్ అతన్ని కొన్నది. డిఫెండర్‌కి అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ అంత పెట్టలేదు. అదేదో అతను మన జేబులోంచి తీసుకుపోయినట్టు ప్రతి తప్పుకీ ఆ అంకెనే లెక్క చెబుతారు. 2020 జనవరిలో కెప్టెన్ పట్టీ కూడా ఇచ్చారు. దాంతో ఏ ఓటమికైనా బాధ్యుడు దొరికాడు. 2021 నవంబరులో వాట్‌ఫర్డ్ చేతిలో 4-1తో ఓడిన మ్యాచ్‌లో అతను రెడ్ కార్డుతో బయటికి వెళ్లాడు, మర్నాడు కోచ్ సోల్‌షార్ ఉద్యోగం పోయింది. 2022 మార్చిలో వెంబ్లీలో, సొంత దేశం ఇంగ్లండ్ ఆడుతున్న మ్యాచ్‌లో, సొంత ప్రేక్షకులే అతని పేరు వినగానే ఈలలేసి గేలిచేశారు. అంతకు ఏడాది కూడా ముందు కాదు, అదే మైదానంలో ఇటలీతో యూరో ఫైనల్ షూటౌట్‌లో అతను కొట్టిన పెనాల్టీకి గోల్‌లో పెట్టిన కెమెరా పగిలింది. ఆ టోర్నమెంట్ ఉత్తమ జట్టులో కూడా అతని పేరుంది.

డిఫెండర్ని తిట్టడం సులువు కావడానికి టీవీ కూడా ఒక కారణం. కెమెరా బంతి వెంట పోతుంది. స్టాపర్, అంటే సెంటర్‌బ్యాక్, చేసే పనిలో ఎక్కువ భాగం బంతి దగ్గర లేనప్పుడే జరుగుతుంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన రోజుల్లో నాకొక అలవాటు పట్టుకుంది. ఒక హాఫ్ మొత్తం బంతిని వదిలేసి ఒక్క సెంటర్‌బ్యాక్‌నే చూస్తూ కూర్చోవడం. పక్కనున్నవాళ్లు గోల్ అని లేస్తే ఏమైందో అడగాల్సి వచ్చేది, అది వేరే సంగతి. ఆ సెంటర్‌బ్యాక్ మూడు అడుగులు ముందుకేస్తాడు, రెండు వెనక్కి వస్తాడు. భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, మళ్లీ చూస్తాడు. లెఫ్ట్‌బ్యాక్‌ని చెయ్యి ఊపి లోపలికి పిలుస్తాడు. ఫార్వర్డ్‌కి పాస్ వస్తుందనగా, వెనక్కీ ముందుకీ పరుగెత్తడానికి వీలుగా ఒళ్లు సగం పక్కకి తిప్పి నిలబడతాడు. అది చూసి అవతలివాళ్లు ఆ పాస్ మానేసి బంతిని ఇంకో పక్కకి ఇస్తారు. అంతే, ఆ పని అయిపోయింది. దానికి రీప్లే ఉండదు. టీవీలో అతను మనకు కనిపించేది ఈ లెక్క తప్పినప్పుడు మాత్రమే. మనం తప్పుల్నే చూసి, చూసినవన్నీ తప్పులే అంటాం.

మగ్వైర్ విషయంలో మా వాడు ఎప్పుడూ తీసే సాక్ష్యం సెవిల్లా. 2023 ఏప్రిల్ 20, యూరోపా లీగ్ క్వార్టర్‌ఫైనల్ రెండో లెగ్, మన దగ్గర అర్ధరాత్రి దాటాక. ఎనిమిదో నిమిషంలో గోల్‌కీపర్ డి గియా, పెనాల్టీ బాక్స్ దగ్గరున్న మగ్వైర్‌కి బంతి ఇచ్చాడు. చుట్టూ సెవిల్లావాళ్లు మూసుకొచ్చేశారు. అతను తన్నిన బంతి లమేలాకి తగిలి ఎన్-నెసిరి ముందు పడింది. గోల్. 3-0తో యునైటెడ్ బయటికి.

ఆ ముక్కని నేను మళ్లీ మళ్లీ చూశాను. మగ్వైర్ తప్పుందా? ఉంది. అక్కడ ఒక్క టచ్‌తో స్టాండ్స్‌లోకి తన్నేసినా నష్టం లేదు. కానీ డి గియా ఆ పాస్ ఎందుకిచ్చాడు? ప్రత్యర్థులు అంత దగ్గరగా ఉంటే కీపర్ బంతిని దూరంగా కొట్టాలి. లేదా తీసుకునేవాడు ఇరుకులో ఒళ్లు తిప్పి బయటపడగలిగినవాడై ఉండాలి. అలాంటివాడు లిసాండ్రో మార్టినెజ్. మొదటి లెగ్‌లోనే అతనూ, ఇంకో డిఫెండర్ వరాన్ ఇద్దరూ గాయపడ్డారు. మార్టినెజ్ కోసం అల్లుకున్న ఆటని మగ్వైర్ చేత ఆడించబోయారు. అతనిదీ తప్పే, పథకానిదీ తప్పే. మర్నాడు ముక్కలు ముక్కలుగా తిరిగిన వీడియోల్లో మాత్రం పాస్ ఇచ్చిన కాలు లేదు, పాస్ అందుకున్న కాలే ఉంది.

అలాగని అతన్ని పక్కన పెట్టడం అన్యాయమని నేననను. 2022 ఆగస్టులో కొత్త కోచ్ టెన్ హాగ్ మొదటి రెండు మ్యాచ్‌లు మగ్వైర్‌తోనే ఆడాడు. బ్రైటన్ చేతిలో 2-1, బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 4-0. మూడో మ్యాచ్‌కి అతన్ని తీసి వరాన్‌ని దింపాడు. లివర్‌పూల్‌ని 2-1తో కొట్టారు. డిఫెన్స్ లైనుని మైదానంలో పైకి జరిపి ఆడించాలనుకునే కోచ్‌కి మగ్వైర్ సరిపోడు. ఆ రోజు మా మేనల్లుడిదే రైటు. 2023 జులైలో కెప్టెన్సీ బ్రూనో ఫెర్నాండెజ్‌కి పోయింది. ఆ ఆగస్టులో వెస్ట్‌హామ్‌కి పంపేద్దామనుకున్నారు, బేరం తెగలేదు. సెప్టెంబరులో గ్లాస్గోలో స్కాట్లండ్‌తో ఇంగ్లండ్ మ్యాచ్‌లో హాఫ్‌టైం తర్వాత దిగి సొంత గోల్ వేసుకున్నాడు. అతను బంతి తాకిన ప్రతిసారీ స్కాట్లండ్ జనం వెక్కిరింపుగా చప్పట్లు కొట్టారు.

ఇక మిగిలిందేముంది అనుకున్నప్పుడు గాయాల పుణ్యమా అని మళ్లీ చోటు దొరికింది. నవంబరులో యునైటెడ్ మూడు లీగ్ మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ ఇవ్వలేదు. ప్రీమియర్ లీగ్ ఆ నెల ఉత్తమ ఆటగాడు మగ్వైర్! ఘనాలో అడాంగో మళ్లీ లేచి, మగ్వైర్‌కి క్షమాపణ చెప్పాడు. ఉపాధ్యక్షుడికి మాత్రం చెప్పలేదు. మన్నించానని మగ్వైర్ జవాబు కూడా పంపాడు.

తర్వాత వచ్చిన కోచ్ అమోరిమ్ వెనక ముగ్గురితో ఆడించాడు. ఆ ముగ్గురిలో నడిమివాడికి పక్కలకి పరుగెత్తే బాధ తక్కువ, తలతో కొట్టే పని ఎక్కువ. మగ్వైర్‌కి కుదిరిన ఉద్యోగం. మనిషి అదే, కాళ్లు అవే, వయసు మాత్రం పెరిగింది. మా మామా అల్లుళ్ల వాదనలో ఈ ముక్క ఎప్పుడూ ఎగిరిపోతుంది. ఏ పనికి, ఎవరి పక్కన, ఎవరి బదులు అని అడక్కుండా 'పనికొస్తాడా' అంటే జవాబు లేదు. అందుకే మా ఇంట్లో ఒక షరతు పెట్టాను. ఒకణ్ణి తీసెయ్యమన్నవాడు ఇంకొకడి పేరు చెప్పి తీరాలి. ఈ షరతుతో సగం గొడవలు తగ్గాయి, మిగతా సగం పొడుగయ్యాయి.

2025 ఏప్రిల్ 17న లియోన్‌తో మ్యాచ్‌లో అమోరిమ్ ఇంకో అడుగు వేశాడు. ఎక్స్‌ట్రా టైంలో 4-2తో వెనకబడ్డాక మగ్వైర్‌ని ఫార్వర్డ్‌గా పైకి పంపాడు. బ్రూనో పెనాల్టీ, మైనూ గోల్, ఆఖర్న 121వ నిమిషంలో మగ్వైర్ తల. 5-4. మన దగ్గర తెల్లవారుజామున మూడు దాటింది. మా మేనల్లుడు ఫోన్ చేసి మాటల్లేకుండా అరుస్తున్నాడు.

స్టాపర్ని ముందుకు పంపడమనేది హైదరాబాదీలకి వింత కాదు. భారత జట్టు కోచ్‌గా మన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చేసిందదే. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. సెమీస్‌లో ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు, 2-1తో బంగారం మనది. కట్టు కట్టుకున్న తలతో వెనక నిలబడి రోజంతా హెడర్లు కొట్టే పని ఆ మనిషికి కష్టం. సరే, ఆ తల ముందైతే ఎలా ఉంటుందని ఆలోచించినవాడు రహీమ్. ఆటగాడిలో మిగిలినదేమిటో వెతకడం కూడా కోచ్ పనే. గ్యాలరీలో కూర్చున్న మనకి పోయిందే ముందు కనిపిస్తుంది.

2025 అక్టోబరు 19, ఆదివారం రాత్రి. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్. మొదటి నిమిషం దాటీ దాటగానే ఎంబ్యూమో గోల్ కొట్టాడు. 78వ నిమిషంలో గాక్పో సమం చేశాడు. 84వ నిమిషంలో బ్రూనో వేసిన క్రాస్‌కి మగ్వైర్ తలతో గోల్ కొట్టాడు. 2016 జనవరి తర్వాత ఆ మైదానంలో యునైటెడ్‌కి మొదటి లీగ్ గెలుపు అదే. మా మేనల్లుడు సోఫా మీద ఎగిరాడు, నన్ను పట్టుకుని ఊపేశాడు, నీళ్లు తాగాడు. నీళ్లు తాగి రిమోట్ తీసుకున్నాడు. "గోల్ సంగతి సరే మామయ్యా. గాక్పో కొట్టినప్పుడు ఈయన ఎక్కడున్నాడో చూద్దాం." వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాం. "వచ్చే మ్యాచ్‌కి తీసెయ్యాల్సిందే" అన్నాడు. ఎవరిని పెడతావురా అన్నాను. కాసేపు ఆలోచించి ఓ పేరు చెప్పాడు. నేను ఒప్పుకోలేదు.