వాద్యాలు ప్రయాణం కట్టినప్పుడు

సింఫనీ ఆర్కెస్ట్రా విదేశీ పర్యటనలో ఎనభై, తొంభై మంది కళాకారుల కంటే వాళ్ళ సామాను తరలించడమే కష్టం. వయొలిన్, ఫ్లూట్ వంటివి ఎవరివి వాళ్ళు పట్టుకుని విమానమెక్కుతారు. డబుల్ బేస్, హార్ప్, టింపనీలకు లోపల మెత్త వేసిన పెద్ద పెట్టెలు కావాలి. అవి కార్గోలో పోతాయి. చలిదేశంలో దిగగానే పెట్టె మూత తీయరు. హాలు వేడికి కొయ్య అలవాటుపడేదాకా ఆగకపోతే పలక పగిలే ప్రమాదం ఉంది. కస్టమ్స్ వాళ్ళకు ఒక్కో వాద్యం పేరు, విలువ రాసిన జాబితా చూపాలి. ఇవి అమ్మకానికి కావు, వాయించి వెనక్కి తీసుకుపోతామని ఒప్పించాలి. పాత వయొలిన్ కమానులో ఏనుగు దంతం ముక్క ఉంటే దానికి వేరే అనుమతి.

టికెట్ల డబ్బు ఈ ఖర్చుకు చాలదు. 1842లో పుట్టిన వియన్నా ఫిల్హార్మోనిక్ దేశం దాటి కచేరీ చేయడం మొదలుపెట్టింది 1900లో, పారిస్ ప్రపంచ ప్రదర్శనతో. గుస్తావ్ మాలర్ నడిపించిన ఆ యాత్ర నష్టాలపాలైంది. తిరుగు రైలు ఖర్చుకు రోత్‌షీల్డ్ ధనవంతుల ముందు చేయి చాచాల్సి వచ్చింది. మన దేశంలో 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2019 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో పర్యటించింది. జాకిర్ హుస్సేన్ తబలాకూ ఆర్కెస్ట్రాకూ కలిపి కట్టిన ‘పేష్కార్’ను అక్కడ వినిపించింది. సొంత సరుకు ఒకటి పట్టుకెళ్ళడం మంచి తెలివి. పాశ్చాత్య సంగీతం ఒక్కటే వాయించడానికి బ్రిటన్‌కు ముంబై వాళ్ళు పోనక్కర్లేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు సింఫనీ లేకున్నా మేళం ఊరు కదలడం పాత సంగతే. రాత్రంతా కథ ఆడే చిందు యక్షగానం మేళాలకు మిరాశీ ఊళ్ళుంటాయి. ఏ ఊరు ఎవరిదన్నది తాతల నాటి లెక్క. ఒకరి ఊళ్ళో ఇంకొకరు ఆడరు. మేళమంటే దాదాపు ఒక కుటుంబమే, ఆడవాళ్ళూ వేషం కడతారు. వెంట హార్మోనియం, మద్దెల, తాళాలు, వేషాల పెట్టె ఉంటాయి. పెట్టెలోని కిరీటం, భుజకీర్తులు పొణికి కర్రతో చెక్కినవి. నిర్మల్ బొమ్మలు చేసే కర్ర కూడా ఇదే. రంగు పూసి అద్దం బిళ్ళలు అతికిస్తే దీపం వెలుతురులో బంగారంలా మెరుస్తుంది. బరువు మాత్రం ఉండదు. తెల్లవార్లూ గంతులేయాల్సిన మనిషి నెత్తిన ఇత్తడి కిరీటం పెడితే రెండో జాముకే మెడ పట్టేస్తుంది. ఈ కళకు గుర్తింపూ దక్కింది: జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

మన జానపద వాద్యాలకూ వాతావరణంతో పేచీ ఉంది. ముసురు పట్టిందంటే డప్పు తోలు మెత్తబడి మూగబోతుంది. గడ్డి మంట మీద కాగబెడితే గానీ పలకదు. ఏసీ హాల్లో మంట పెట్టనివ్వరు. ఫైబర్ డప్పులు వచ్చాక ఆ బాధ తప్పింది గానీ, తోలు డప్పు విన్న చెవికి అది ఆనదు.

ఆర్కెస్ట్రా ఎక్కడికి పోయినా సుమారు రెండు గంటల కచేరీ పూర్తిగా వాయించే వస్తుంది. సింఫనీలో ఒక భాగం వాయించి దిగిపొమ్మని ఎవరూ అడగరు. జానపద బృందాలను పెద్ద ఉత్సవాలకు పిలిచినప్పుడు మాత్రం పది పదిహేను నిమిషాలే ఇవ్వడం అలవాటైపోయింది. తెర వెనక గజ్జెలు మోగించి, తెర తీయించి, తానెవరో దరువులో చెప్పుకునే పాత్ర ప్రవేశానికే ఆ సమయం చాలదు. కథ మొదలుకాకముందే తర్వాతి బృందం పేరు మైకులో పిలుస్తారు. కిరీటం తయారీ నుంచి ముఖానికి రంగు వేయడం దాకా రాత్రంతా ఆడే ఆటకు లెక్కగట్టిన కళ ఇది. దేశం దాటించే ముందు దానికి కనీసం ఒక పూట వేదిక అడగాలి.