చెట్టు నీడన చూడాల్సిన రాయి

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్‌లో దిగి పంజాగుట్ట చౌరస్తా వైపు నడుస్తుంటే నగల దుకాణాల అద్దాల వెనక రవ్వలు జిగేలుమంటాయి. ఆ జిగేలులో సగం రాయిది, సగం పైకప్పులో బిగించిన దీపాలది. ఏది ఎవరిదో విడదీసి చూడగలగడమే ఒంటిరవ్వ కొనేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి విద్య. మా పిన్ని కూతురి నిశ్చితార్థానికి ఉంగరం కొనడానికి వాళ్లతో వెళ్లిన రోజున ఆ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

ఏడు రాళ్ల దుద్దుల్లో ఒక రాయి కాస్త మసకగా ఉన్నా పక్క రాళ్లు కప్పేస్తాయి. ఇప్పుడందరూ సాలిటైర్ అంటున్న ఒంటిరాయికి ఆ ఆసరా లేదు. దాని మంచీ చెడూ అదే చెప్పుకోవాలి.

రాయిని వెలుగులో పెట్టి తేల్చే పరీక్ష మన నేలకు కొత్తది కాదు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యంలో తిరిగి, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేల మంది పని చేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఆయన రాసిన వాటిలో నాకు బాగా నచ్చింది మనవాళ్లు రాయిని చూసే తీరు. గోడలో అడుగు వెడల్పు గూడు చేసి, అందులో పెద్ద వత్తి దీపం పెట్టి, రాత్రిపూట రాయిని వేళ్ల మధ్య పట్టుకుని దాని నీరు, అంటే తేటదనం, ఎలాంటిదో తేల్చేవారట. రాయిలో నీలిచాయ ఉందేమోనన్న అనుమానం వస్తే ఆకులు దట్టంగా ఉన్న చెట్టు కిందికి తీసుకెళ్లేవారు. పచ్చని నీడలో ఆ చాయ దాగలేదు. రాయిని మెరిపించే వెలుగు వేరు, పట్టిచ్చే వెలుగు వేరు అని వాళ్లకు తెలుసు.

చూడకుండా బేరం కుదుర్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి హైదరాబాద్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1891లో సిమ్లా వ్యాపారి అలెగ్జాండర్ జేకబ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఒక పెద్ద వజ్రం నమూనా చూపించాడు. 46 లక్షలకు మాట కుదిరి, 23 లక్షలు ముందే చేతులు మారాయి. అసలు రాయి వచ్చాక నిజాంకు నచ్చలేదు. సొమ్ము వెనక్కి రాలేదు. తగాదా కలకత్తా హైకోర్టుకెక్కింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు కానీ వ్యాపారం దెబ్బతింది. నిజాంకు మనసొప్పని రాయే మిగిలింది. 184.75 క్యారెట్ల ఆ వజ్రం తండ్రి జోడు మొనలో ఏడో నిజాంకు దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడనీ చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలతో పాటు దాన్నీ కొన్నది. గోల్కొండను ఏలిన వంశం అంత మోజుపడి కొన్న ఆ రాయి దక్షిణాఫ్రికాది.

మా కథకు వస్తాను. దుకాణంలో కుర్రాడు నల్ల మఖమల్ మీద రెండు రాళ్లు పెట్టాడు. ఒకటి 1.01 క్యారెట్, రెండోది 92 సెంట్లు, అంటే 0.92 క్యారెట్. "ఇది ఫుల్ క్యారెట్ మేడమ్, రేపు చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది" అన్నాడు. పిన్ని రెండింటినీ మార్చి మార్చి చూసి, "బాబూ, ఈ లైట్ల కింద అన్నీ ఒకేలా ఉన్నాయి. గుమ్మం దగ్గర చూసుకోనిస్తారా?" అని అడిగింది. మేనేజరు తలూపాడు, కుర్రాడు పళ్లెం పట్టుకుని వెంట వచ్చాడు. నాలుగడుగుల తేడాలో రెండు రాళ్ల జాతకం బయటపడింది. క్యారెట్ రాయి నడుమ మసకబారి, మబ్బు కమ్మినట్టుంది. చిన్నది మాత్రం చెయ్యి కదిపినప్పుడల్లా నలుపూ తెలుపూ చకచకా మారుతూ, అంచు దాకా వెలుగుతోంది.

తేడా అంతా కోతలో ఉంది. గుండ్రటి రవ్వకు 57 లేదా 58 పలకలు చెక్కుతారు. పైనుంచి దిగిన వెలుగు అడుగు పలకల మీద తగిలి తిరిగి పైకే రావాలి. అడుగు మరీ లోతైనా, మరీ పలచనైనా వెలుగు కిందికో పక్కకో జారిపోతుంది. బరువు తగ్గకూడదని కడుపు దగ్గర మందం వదిలేసే కోత ఎక్కువ. కొలత చూస్తే తెలిసిపోతుంది. బాగా కోసిన క్యారెట్ రాయి వెడల్పు 6.4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండాలి. మేము చూసిన 1.01 క్యారెట్ రాయి 6.1 మాత్రమే, 92 సెంట్లది 6.25. తక్కువ బరువు రాయే వేలి మీద పెద్దగా కనిపిస్తుంది. పైగా ఒకటి అనే అంకె దగ్గర క్యారెట్ ధరే ఎగబాకుతుంది. నా మాట అడిగితే, డబ్బు కోత మీద పెట్టి, మిగతా వాటిలో ఒక మెట్టు దిగమంటాను.

రంగు డి నుంచి జడ్ దాకా లెక్క. పసుపు బంగారంలో పొదిగే రాయికి జి, హెచ్ చాలు. బంగారం చాయే రాయిలో పడుతుంది కదా. మచ్చలకు మన రత్నశాస్త్రాలు ఏనాడో పేర్లు పెట్టాయి: బిందువు, రేఖ, యవ, కాకపాదం. ఇవాళ వాటినే పది రెట్ల భూతద్దంలో చూసి వివిఎస్, విఎస్, ఎస్ఐ అని రాస్తున్నారు. మామూలు కంటికి కనిపించని మచ్చ లేకుండా చేసుకోవడానికి లక్ష అదనంగా పోయడం నాకు సమ్మతం కాదు. మచ్చ నడిబొడ్డున లేకుంటే చాలు.

కాగితం విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. జిఐఏ, ఐజిఐ లాంటి ప్రయోగశాల ఇచ్చే సర్టిఫికెట్ అంకె చాలా రాళ్లకు నడుము అంచున లేజర్‌తో చెక్కి ఉంటుంది. దాన్ని భూతద్దంలో మీరే చదివి, ప్రయోగశాల వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఉంగరం మీది హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు. ల్యాబ్‌లో పెంచిన వజ్రం కూడా వజ్రమే, కంటికి తేడా తెలియదు. అయితే దాని ధర ఈ కొన్నేళ్లలో బాగా పడిపోయింది. ముచ్చటకు పెట్టుకోవడానికైతే కొనండి, ఆస్తి అనుకుని మాత్రం కొనకండి. ఏది కొన్నా, అది ఏదో బిల్లు మీద స్పష్టంగా రాయించుకోండి. దుకాణంలో పెన్నులాంటి పరికరం ఆనించి కూత పెట్టిస్తే నమ్మేయకండి. వేడిని మాత్రమే కొలిచే ఆ పెన్ను మోయిసనైట్ అనే వేరే రాయినీ వజ్రమనే అంటుంది.

రవ్వ అచ్చిరావాలంటారు మన ఇళ్లలో. కొనే ముందు మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసే ఆచారం పాతవాళ్లకు ఉంది. జాతకం సంగతి ఎలా ఉన్నా ఆ మూడు రోజులూ రాయిని కిటికీ దగ్గరా, వంటింట్లో ట్యూబ్‌లైటు కిందా, వాకిట్లోనూ చూడటానికి దొరికిన అవకాశమే. పిన్ని అదే చేసింది. రాయి సొమ్ము మొత్తం కట్టి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని రసీదు మీద రాయించుకుని 92 సెంట్ల రాయిని ఇంటికి తెచ్చింది. చెల్లెలు పెరట్లో వేపచెట్టు కింద దాన్ని పట్టుకుని, "అక్కా, ఇక్కడ కూడా తెల్లగానే ఉంది" అని కేకేసింది.

శుక్రవారం వెళ్లి వేలి కొలత ఇచ్చారు. పది రోజులకు ఉంగరం వచ్చింది, 18 క్యారెట్ల బంగారం, ఆరు కొక్కేలు. ఇక బంగారం, మజూరీ లెక్క మిగిలింది. రాయి బరువును కూడా బంగారంలో కలిపి కట్టే బిల్లులు ఉంటాయని పిన్నికి తెలుసు. మొత్తం బరువు 3.480 గ్రాములు, నికర బరువు 3.296. రాయి తూకంలో క్యారెట్ అంటే 0.2 గ్రాము. పిన్ని ఫోన్‌లో తీసివేత చేసుకుంది, 0.184 వచ్చింది. అంటే సరిగ్గా 92 సెంట్లు. అప్పుడు పర్సు తెరిచింది.