జీతమిచ్చేదీ జవాబు చెప్పేదీ రాష్ట్రమే

భూసేకరణ, బదిలీ, ఆగిన పింఛను... ఏ తగువు పట్టుకుని హైకోర్టుకు వెళ్లినా ఎదుటి పక్షం చాలాసార్లు రాష్ట్ర ప్రభుత్వమే. ఆ రిట్టు వినే న్యాయమూర్తికి జీతం వెళ్లేదీ ఆ ప్రభుత్వ ఖజానా నుంచే. డబ్బిచ్చే చేతికి పగ్గాలు దక్కకుండా చూడడమెలా? ఈ చిక్కుముడిని మన రాజ్యాంగ రచయితలు విప్పిన తీరు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది.

జీతమెంతో పార్లమెంటు చట్టం తేలుస్తుంది. చెల్లించేది రాష్ట్ర సంచిత నిధి. 203వ అధికరణ ప్రకారం ఆ ఖర్చు గురించి శాసనసభ ఎంతైనా చర్చించవచ్చు, ఓటు వేసి కోత పెట్టడానికి మాత్రం వీల్లేదు. పింఛను సంగతి మరీ బాగుంటుంది. అది భారత సంచిత నిధి నుంచి వస్తుంది కనుక, పదవి దిగిన న్యాయమూర్తి ఏ ముఖ్యమంత్రి ముఖమూ చూడక్కర్లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చేది 229వ అధికరణ. న్యాయమూర్తి ఎంత నిక్కచ్చి మనిషైనా, ఫైలు కదిపే గుమస్తా సచివాలయం మాట వింటే కోర్టు కుంటుపడుతుంది. అందుకే సిబ్బంది నియామకం ప్రధాన న్యాయమూర్తి చేతిలో పెట్టారు. వాళ్ల జీతాలు, సెలవులు, పింఛన్ల నిబంధనలకు మాత్రం గవర్నర్ ఆమోదం కావాలన్నారు. బరువు మోసే ఖజానాకు ఆ మాత్రం మాట ఉండాల్సిందే. ఇంత సన్నటి కొలత తీసినవాళ్లకు కార్యాలయాలు నడిచే తీరు బాగా తెలుసు.

ఈ కట్టుబడికి పెద్ద పరీక్ష మన దగ్గరే ఎదురైంది. 2014 జూన్ 2న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండుగా చీలింది. మూసీ ఒడ్డున హైకోర్టు మాత్రం ఉమ్మడిగా మిగిలింది. న్యాయమూర్తుల జీతభత్యాలను రెండు రాష్ట్రాలూ జనాభా లెక్కన పంచుకోవాలని పునర్విభజన చట్టం 30వ సెక్షన్ చెప్పింది. ఆ నిష్పత్తి ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68. ఉన్నత విద్యా మండలి ఆస్తుల కోసం పోట్లాడుకుంటూ ఆ రెండు ప్రభుత్వాలే అదే కోర్టు మెట్లెక్కాయి. ఎక్కువ వాటా కట్టినందుకు ఎక్కువ చనువు దొరికే సందు ఆ చట్టంలో ఎక్కడా లేదు.

2019 జనవరి 1న హైకోర్టులు వేరుపడ్డాయి. అప్పటికి రెండు రాష్ట్రాలకూ గవర్నర్ ఒక్కరే. ఆ ఒక్కరే అదే రోజు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ న్యాయమూర్తుల చేత రాజ్యాంగానికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేయించారు.