మందుల చదువులో రోగి స్థానం

మనదేశంలో ఔషధ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయ విద్యగా బోధించటం ప్రారంభమై ఇంకా నూరేళ్ళు నిండలేదు. బజారులో కల్తీ మందులు, నాసి మందులు పెచ్చుపెరిగిపోగా 1930లో ప్రభుత్వం చోప్రా సంఘాన్ని నియమించింది. మందులు తయారుచేసేవారికీ అమ్మేవారికీ తగిన చదువు, దానికి తగిన చట్టం ఉండాలని ఆ సంఘం సూచించింది. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ ఈ విద్యకు పునాది వేశారు. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో ఈ శాఖను నెలకొల్పి తెలుగు విద్యార్థులకు దీనిని అందుబాటులోకి తెచ్చింది. నేడు ఈ విద్య చిన్న పట్టణాలకు కూడా పాకింది. కనుక కళాశాలలు చాలునా అనే ప్రశ్న పాతబడిపోయింది. ఆ కళాశాలల్లో చెప్పే చదువు రోగి వరకూ చేరుతున్నదా అనేదే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించి ప్రయోజనం లేదు. చిత్తూరు సీమ పడమటి మిట్టప్రాంతంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే మూడు ఊళ్ళున్నాయి. నాలుగేళ్ళ బి.ఫార్మసీ పాఠ్యక్రమాన్ని చేతిలో పెట్టుకుని ఈ మూడు ఊళ్ళలో తిరిగితే దాని బలమూ బలహీనతా రెండూ తెలిసివస్తాయి.

ముందుగా పాఠ్యక్రమం సంగతి. భారత ఫార్మసీ కౌన్సిల్ 2014 నిబంధనల కింద దీనిని ఎనిమిది సెమిస్టర్లుగా రూపొందించింది. శరీర నిర్మాణం, రసాయన శాస్త్రం, ఔషధాల తయారీ, అవి శరీరంలో పనిచేసే తీరు, మూలికల పరిచయం, పరికరాలతో విశ్లేషణ, ఔషధ చట్టాలు, అన్నీ ఇందులో ఉన్నాయి. ఒక మాత్ర కడుపులో ఎంతసేపటికి కరుగుతుందో, రక్తంలో ఎంత చేరుతుందో, ఎన్ని గంటలకు బయటికి పోతుందో లెక్కకట్టగల పట్టభద్రుణ్ణి ఈ చదువు తయారుచేస్తుంది. ఇది చిన్న విషయం కాదు. హైదరాబాదు చుట్టూ పెరిగిన మందుల పరిశ్రమ ఇట్టి పట్టభద్రుల మీదనే నిలబడి ఉన్నది.

అయితే రోగితో మాట్లాడటాన్ని ఈ పాఠ్యక్రమం ఎక్కడ నేర్పుతున్నదో చూడండి. మొదటి సెమిస్టరులో "సంభాషణా నైపుణ్యం" అనే పాఠ్యాంశం ఒకటి ఉన్నది. పేరు చూసి ఆశపడతాం. తెరిచి చూస్తే అందులో ప్రధానంగా ఉన్నవి ఉద్యోగపు ఇంటర్వ్యూ, బృందచర్చ, సభలో ప్రసంగం, ఇంగ్లీషు ఉచ్చారణ. మందు తీసుకోవటానికి వచ్చిన మనిషికి దానిని ఎట్లా వాడాలో చెప్పే పద్ధతి ఏడవ సెమిస్టరులోని "ఫార్మసీ ప్రాక్టీస్" వరకూ రాదు. ఆ పాఠ్యాంశానికి కూడా ప్రయోగ తరగతి లేదు. అదే సెమిస్టరులో పరికరాల విశ్లేషణకు మాత్రం ప్రయోగ తరగతి ఉన్నది. ఎనిమిదవ సెమిస్టరులో వచ్చే "సామాజిక ఫార్మసీ" కూడా ఉపన్యాసాలతోనే ముగుస్తుంది. విచిత్రమేమంటే, 2020 నిబంధనలతో సంస్కరించిన రెండేళ్ళ డిప్లొమాలో సామాజిక ఫార్మసీకీ, మందుల షాపు నిర్వహణకూ ప్రయోగ తరగతులు పెట్టారు. ఆపైన 500 గంటల శిక్షణ ఉండనే ఉన్నది. రోగి విషయంలో రెండేళ్ళ చదువు నాలుగేళ్ళ చదువుకంటె ముందడుగు వేసిందన్నమాట.

ఇంతకూ రోగితో మాట్లాడటం చదువులో భాగమా, లేక లోకజ్ఞానంతో అబ్బేదా అని కొందరు అడగవచ్చు. దీనికి మదనపల్లె సమాధానం చెబుతుంది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగ శానిటోరియం ప్రారంభమైంది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దానిని తీర్చిదిద్దారు. అప్పట్లో క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఇవే చికిత్స. అక్కడికి వచ్చిన రోగులలో కొందరికి దగ్గు, ఆయాసం, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలు అన్నీ క్షయ మాదిరిగానే ఉండేవి. కఫంలో మాత్రం క్షయ క్రిములు కనిపించేవి కావు. వారి రక్తంలో ఈసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉండేవి. ఇది క్షయ కాదనీ, క్షయ వేషం వేసిన మరొక జబ్బు అనీ 1940లో ఫ్రిమోడ్ట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు ఆరోగ్యవరం నుంచి ప్రకటించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఈసినోఫిలియా అని పేరు పెట్టి, ఆర్సెనిక్ కలిసిన మందులతో చికిత్స చేశాడు.

ఈ కథలో తరువాతి ఘట్టం మనవారిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తూండగా, 1947లో డయిథైల్ కార్బమజిన్ అనే మందు వెలువడింది. అది బోదకాలు క్రిములను చంపే మందు. తరువాతి సంవత్సరాలలో దానిని ఈసినోఫిలియా రోగులకు వాడి చూడగా ఆయాసం తగ్గిపోయింది. అందుకు కారణం 1960లో మరింత స్పష్టమైంది. మన పొరుగున ఉన్న వేలూరులో క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు ఇట్టి రోగుల ఊపిరితిత్తుల్లో బోదకాలు క్రిముల పిల్లలను కనిపెట్టారు. దోమకాటుతో ఒంట్లో చేరిన క్రిముల మీద శరీరం చేసే తిరుగుబాటే ఈ జబ్బు అని తేలింది.

పాఠ్యక్రమంలో ఈ మందు క్రిమిసంహారక రసాయనాల పట్టికలో ఒక చోట, రక్తకణాలు మరొక చోట, బోదకాలు ఇంకొక చోట కనిపిస్తాయి. వీటిని కలిపే దారం విద్యార్థికి చిక్కదు. మదనపల్లె, వేలూరు, భీమవరం పేర్లతో చెప్పగల ఈ ఒక్క పాఠం రోగ నిర్ణయం, రసాయనం, మోతాదు మూడింటినీ ఒక తాటి మీదికి తెస్తుంది. సొంత ఊరి శాస్త్రచరిత్ర విద్యార్థికి ఉత్సాహం కలిగించే అలంకారం మాత్రమే కాదు. విడివిడి పాఠాలను అతికించే జిగురు కూడా.

ఇక క్షయ చికిత్స. స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియజిడ్ వచ్చిన తరువాత శానిటోరియం అవసరమా అనే సందేహం పుట్టింది. మద్రాసులో 193 మంది రోగులను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి ఇంటివద్దనే మందులిచ్చి, రెండవ భాగాన్ని శానిటోరియంలో ఉంచి పరీక్షించారు. ఇంటి చికిత్స కూడా దాదాపు సమానంగా పనిచేసిందని 1959లో ప్రకటించారు. ఈ ఫలితం ప్రపంచమంతటా క్షయ చికిత్స పద్ధతిని మార్చివేసింది. దానితోపాటు ఒక కొత్త బాధ్యతను కూడా తెచ్చిపెట్టింది. శానిటోరియంలో నర్సు కళ్ళముందే మాత్ర మింగేవారు. ఇంటికి వెళ్ళిన రోగి మింగుతున్నాడో లేదో ఎవరికి తెలుసు? ఆ బాధ్యతలో కొంత మందు చేతికిచ్చే మనిషిమీద పడింది.

ఈనాటి క్షయ చికిత్స సాధారణంగా ఆరు నెలలు. అందులోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రని నారింజ రంగులోకి మారుతుంది. ఇది హాని లేని మార్పు. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే రోగి ఏమనుకుంటాడు? "మందు వేడి చేసింది, రక్తం పోతున్నది" అని భయపడి మాత్రలు మానివేస్తాడు. రెండు నెలలకు దగ్గు తగ్గగానే "నయమైంది గదా" అని మానేవారు కూడా ఉంటారు. సగంలో మానిన చికిత్స నుంచి మందులకు లొంగని క్షయ పుడుతుంది. అది ఇంటిలో మరొకరికి అంటుతుంది. ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగోవంతు మనదేశంలోనే ఉన్నారు గనుక ఇది ఒక ఇంటితో పోయే నష్టం కాదు. అంతేకాదు, రిఫాంపిసిన్ వల్ల గర్భనిరోధక మాత్రల శక్తి తగ్గుతుంది. ఈ సంగతి చెప్పటానికి సిగ్గుపడే ఫార్మసిస్టు, వినటానికి సిగ్గుపడే రోగి ఎదురెదురుగా నిలబడితే శాస్త్రం అక్కడే ఆగిపోతుంది.

చట్టం ఈ బాధ్యతను గుర్తించింది. 2013లో ప్రకటించిన హెచ్-1 షెడ్యూలు ప్రకారం క్షయ మందులు అమ్మినప్పుడు వైద్యుడి పేరు, రోగి పేరు, మందు పరిమాణం పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. 2018 నుంచి మందుల షాపులు కూడా క్షయరోగుల వివరాలను ప్రభుత్వానికి తెలపవలసి ఉన్నది. చట్టం పుస్తకం అడుగుతుంది. ఆ పుస్తకంలో రోగికి చెప్పిన మాట ఉండదు. ఆ మాటను అడగవలసినది విద్యాలయం.

ఆ మాట ఏ భాషలో ఉండాలి? ఈ సీమలో ఒక ముసలమ్మకు ఫార్మసిస్టు చెప్పవలసింది ఇంతే: "అవ్వా, ఈ మాత్ర పొద్దున్నే పరగడుపున మింగాల. ఒంటికి పోతే ఎర్రగా వస్తాది, అది రక్తం కాదు, మందు రంగు. డాక్టరు చెప్పేదాకా నిలపొద్దు." ఈ నాలుగు ముక్కల వెనుక ఔషధ శోషణ, జీర్ణక్రియ, విసర్జన, సూక్ష్మజీవుల నిరోధక శక్తి, అన్ని పాఠాలూ ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులో పరీక్ష రాసి ఉత్తీర్ణుడైన విద్యార్థి ఈ నాలుగు ముక్కలు చెప్పగలడో లేదో ఎవరూ పరీక్షించరు. "పథ్యం ఏమి?" అని రోగి అడిగితే నవ్వి ఊరుకునే పట్టభద్రుడు కూడా ఉండవచ్చు. ఆహారానికీ మందుకూ గల సంబంధాన్ని చెప్పటానికి అంతకంటె మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

మదనపల్లె నుంచి పలమనేరు దారిలో పుంగనూరు వస్తుంది. ఆ పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది అక్కడి పొట్టి ఆవు. ప్రపంచంలోని అతి చిన్న పశుజాతులలో ఒకటి. పాడి మీద బతికే ఇట్టి సీమలో మందుల షాపుకు వచ్చేవాడు పిల్లవాడి జ్వరం గురించే కాక ఆవు జ్వరం గురించి కూడా అడుగుతాడు. మోతాదు బరువును బట్టి ఉంటుందనే ప్రాథమిక సూత్రానికి ఈ పొట్టి ఆవు కంటె మంచి ఉదాహరణ లేదు. పెద్ద సంకరజాతి ఆవుకు ఇచ్చిన మోతాదు దీనికి ఇస్తే ఏమవుతుంది? పాఠ్యక్రమంలో పశువుల మందులకు ప్రత్యేక పాఠ్యాంశం లేదు.

ఈ అశ్రద్ధకు మనదేశం ఒకసారి పెద్ద మూల్యమే చెల్లించింది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్‌ను పశువులకు ఇవ్వగా, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. ఆ జాతులు నూటికి తొంభైకి పైగా అంతరించాయి. పశువులకు ఈ మందు తయారీని 2006లో నిషేధించారు. అయినా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు వెళ్తూనే ఉండగా, 2015లో ఇంజెక్షనును ఒక్క మోతాదు సీసాలకే పరిమితం చేశారు. షాపులో చేతులు మారిన ఒక సీసా ఆకాశంలోని పక్షి వరకూ పోయింది. పశువుకు మనిషి మందు అడిగినవాణ్ణి పశువైద్యుడి వద్దకు పంపాలని ఫార్మసిస్టుకు తెలియాలి. ఎందుకు పంపాలో కూడా తెలియాలి.

దక్షిణపు కొసన ఉన్న కుప్పం ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోటు. అక్కడి పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రికి మూడు రాష్ట్రాల రోగులు వచ్చే వీలున్నది. అదే ఊరిలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం దక్షిణాది భాషల అధ్యయనానికే పుట్టింది. ఒకే ఊరిలో ఒక వైపు రోగులు, ఒక వైపు భాషావేత్తలు ఉండటం అరుదైన అదృష్టం. మందుల వాడకపు సూచనలను తెలుగు, తమిళ, కన్నడాలలో సామాన్యుడి మాటలతో రూపొందించి, అవి రోగులకు అర్థమయ్యాయో లేదో పరీక్షించి చూడటానికి ఇంతకంటె తగిన స్థలం లేదు. "రోజుకు మూడుసార్లు" అంటే ఎనిమిది గంటలకొకసారి అని ఒకరు, తిండి తిన్నప్పుడల్లా అని మరొకరు అర్థం చేసుకుంటారు. ఇది భాషకూ ఔషధానికీ చెందిన ఉమ్మడి సమస్య. 2008లో మనదేశంలో ప్రవేశపెట్టిన ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సు విద్యార్థిని ఆసుపత్రి వార్డులోకి తీసుకువెళ్ళింది. ఆ మేలు నాలుగేళ్ళ విద్యార్థికి కూడా కొంత దక్కాలి.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. పట్టభద్రులలో చాలామంది పరిశ్రమలకు వెళ్తారనీ, షాపు కౌంటరు వెనుక నిలబడేది డిప్లొమావారేననీ, కనుక డిగ్రీలో పరికరాలకే ప్రాధాన్యం న్యాయమనీ అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. కాని మాత్ర తయారుచేసేవాడు దానిని మింగే మనిషిని ఎన్నడూ చూడకపోతే, ముసలివారి చేతులకు విప్పరాని మూతలు, కంటికి ఆనని అక్షరాలు, ఊళ్ళో అర్థంకాని సూచనల కాగితాలు అట్లాగే తయారవుతూ ఉంటాయి. పరిశ్రమకు పోయేవాడికి కూడా రోగి పరిచయం అవసరమే.

చేయవలసిన మార్పు పెద్దది కాదు. మొదటి సెమిస్టరులోని సంభాషణా పాఠాన్ని మాతృభాషలో రోగికి మందు వివరించే అభ్యాసంగా మార్చాలి. ఫార్మసీ ప్రాక్టీస్‌కు ప్రయోగ తరగతి పెట్టాలి. టైట్రేషనులో బిందువు తప్పితే మార్కు తగ్గించే పరీక్షకుడు, రిఫాంపిసిన్ రంగు సంగతి చెప్పటం మరిచిన విద్యార్థికి కూడా మార్కు తగ్గించాలి. ప్రతి కళాశాలా తన చుట్టుపక్కల జబ్బుల చరిత్రను ఒక పాఠంగా చేర్చుకోవాలి. ఆరోగ్యవరం వంటి చోట నూరేళ్ళకు పైబడిన అనుభవం ఇందుకు సిద్ధంగా ఉన్నది. ఇవి జరిగిననాడు మన పట్టభద్రుడికి మందుతోపాటు దానిని మింగే మనిషి కూడా తెలిసివస్తాడు.