నెడుంబాసేరి వాటాదారులు

జనం దగ్గర తలా కొంత పోగుచేసి వ్యాపారం మొదలుపెట్టడాన్ని ఇప్పుడు క్రౌడ్‌ఫండింగ్ అంటున్నారు. దానికి వెబ్‌సైట్ ఎలా ఉండాలో, వీడియో ఎలా తీయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. డబ్బు అడగబోయే ప్రాంతంలో జనం చేతికి అది ఎక్కడి నుంచి, ఏ వేళకి వస్తుందని అడిగేవాళ్లే తక్కువ. అసలు అడగాల్సింది అదే.

కొచ్చి సంగతి చూడండి. 1990ల మొదట్లో అక్కడున్నది నౌకాదళం వారి చిన్న విమానాశ్రయం. పెద్ద విమానాలు దిగేవి కావు. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చే మధ్య కేరళ మనిషి తరచూ బొంబాయిలో దిగి, పెట్టెలు మోసుకుంటూ రైలెక్కాల్సి వచ్చేది. కొత్తది కట్టడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల దగ్గర ఉంది. ఐఏఎస్ అధికారి వి.జె. కురియన్ వాళ్లనే అడిగారు: తలా 5,000 రూపాయలు, వడ్డీ లేని డిపాజిట్. 200 కోట్లు వస్తాయనుకుంటే పిసరంతే వచ్చింది.

డబ్బున్నచోటయినా ఉత్త అభిమానం మీద అడిగితే పని కాదని అప్పుడు తేలింది. 1994లో కంపెనీ పెట్టి వాటాలు అమ్మారు. రాష్ట్ర ప్రభుత్వమూ వాటా తీసుకుంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో అప్పిచ్చింది. 30 దేశాల్లోని దాదాపు పదివేల మంది ప్రవాసులు వాటాదారులయ్యారు. 1999లో కొచ్చి దగ్గరి నెడుంబాసేరిలో, ఆ డబ్బుతో కట్టిన కొత్త విమానాశ్రయంలో విమానాలు దిగాయి. 2022-23కి ఆ కంపెనీ 35 శాతం డివిడెండ్ ఇచ్చింది.

గుజరాత్‌ది ఇంకో దారి. హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన శ్యామ్ బెనెగల్ 1976లో తీసిన 'మంథన్' సినిమాకి ఐదు లక్షల మంది పాడి రైతులు తలా రెండు రూపాయలు వేసుకున్నారు. ఉదయం, సాయంత్రం కేంద్రంలో పాలు పోసి డబ్బు తీసుకునే ఊళ్లు గనకే అది సాధ్యమైంది. ఏడాదికోసారి పంట అమ్ముకునే ఊళ్లో రెండు రూపాయలైనా సమయం చూసి అడగాలి.

మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచీ గల్ఫ్‌కి వేలమంది వెళ్లారు. కానీ వీసా కోసం ఏజెంటుకి కట్టిన డబ్బు చాలామంది మిత్తికి తెచ్చిందే. పంపే జీతం ముందు ఆ అప్పుకే పోతుంది. అలాంటి ఇంటికెళ్లి కొత్త కంపెనీలో వాటా కొనమనడం అన్యాయం.

మన ఊళ్లలో నెలనెలా డబ్బు కదిలే చోటు మహిళా పొదుపు సంఘం. నూనె గానుగో, పిండిమరో పెట్టాలనుకునేవాళ్లు మొదట అక్కడికి వెళ్లాలి. రేపు ఆ గానుగ దగ్గర, మర దగ్గర సరుకు కొనేదీ ఆ సంఘం సభ్యుల ఇళ్లే. వెళ్లేముందు చట్టం కూడా చూసుకోండి: ప్రైవేటు కంపెనీలో వాటాదారులు 200 మందికి మించకూడదు. రైతుల్లాంటి ఉత్పత్తిదారులు కలిసి పెట్టుకునే 'ఉత్పత్తిదారుల కంపెనీ'కి ఆ పరిమితి లేదు.