దోటి పట్టిన చెయ్యి

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో వాన మొహం చాటేసిన ఏడు కూడా ఇంట్లో నాలుగు డబ్బులు ఆడుతున్నాయంటే చాలాచోట్ల అది మేకల పుణ్యం. నన్నడిగితే కాపరి పుణ్యం.

మేకకు గడ్డి కంటే ఆకు ఇష్టం. ముందుకాళ్లు కొమ్మకు ఆనించి నిలబడి రేగాకు, తుమ్మాకు దూసుకు తింటుంది. అందని కొమ్మను కాపరి దోటితో వంచుతాడు. ఎంత కొయ్యాలో, మళ్లీ చిగురించడానికి చెట్టుకు ఎంత వదలాలో అతని చేతికి తెలుసు. పళ్లు చూసి వయసు చెబుతాడు: ముందు రెండు పాలపళ్లు ఊడి పెద్దవి వచ్చాయంటే ఏడాది దాటినట్టే. మేక ఐదు నెలలు మోసి ఈనుతుంది, తరచూ కవలల్ని. పుట్టిన గంటలోపే పిల్లకు జున్నుపాలు తాగించి, గంప కింద మూస్తాడు.

పందెపు గుర్రాలకు వంశావళి పుస్తకాలున్నాయి. వాటిలో థరోబ్రెడ్ జాతి మగ వంశాలన్నీ మూడు పోతుగుర్రాల దగ్గరికే చేరతాయి. మన కాపరికి పుస్తకం లేదు. ఏ పిల్ల ఏ తల్లిదో, ఏ పోతుకు పుట్టిందో నోటితోనే చెబుతాడు. 1514లో ఉదయగిరి దుర్గం గెలిచిన కృష్ణదేవరాయలకు మేలుజాతి గుర్రాలు సముద్రం దాటి రావలసి వచ్చింది. మేకకు ఆ ఖర్చు లేదు లెండి!

వానలకు ముందే చిటుకు రోగానికి టీకా వేయించాలి, పారుడు రోగం టీకా మరవకూడదు. ఇక రోడ్డు మీద మంద ఎదురైతే బండి ఆపండి, హారన్ కొట్టకండి. అందులో చూడి మేకలుంటాయి.